దాఖలాలో లేని అమ్మ పేరు

"ఏం జేస్తవ్ బిడ్డా ఈ పాత కాయితాలు? ముట్టుకుంటే పొడిపొడి అయితున్నయ్" అంటూనే బీరువా వెనక నుంచి మూడు మూటలు బయటికి లాగింది ఆయమ్మ. పాత చీర ముక్కల్లో కట్టిన మూటలవి. హైదరాబాద్‌లో మూసీకి అంత దూరంలో లేని ఒక ప్రభుత్వ బాలికల బడి అది. బడి పేరు చెప్పను. ఎందుకు చెప్పడం లేదో ఈ వ్యాసం చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

గోడలకు సున్నం వేసి కొత్త గచ్చు చేయించడానికి గదులు ఖాళీ చేస్తున్నారు. నేను వెళ్ళేసరికే ఒక ఆటో నిండా పాత రికార్డు చిత్తుకాగితాల దుకాణానికి వెళ్ళిపోయింది. హాజరు పట్టీలు, తనిఖీకి వచ్చిన అధికారిణులు రాసిన లాగ్‌బుక్కులు, జీతాల పుస్తకాలు ఏమేం పోయాయో అడిగితే చెప్పగలిగినవాళ్ళు లేరు. దాఖలా రిజిస్టర్లను, అంటే పిల్లల చేరికలు, విడుపులు రాసే పుస్తకాలను మాత్రం ఏ బడీ పారెయ్యకూడదు. అవి శాశ్వత రికార్డు. ఎన్నేళ్ళ తర్వాత ఎవరొచ్చి సర్టిఫికెట్ అడిగినా అందులో చూసే ఇవ్వాలి. ఆ నియమం ఆయమ్మకు తెలియదు. "మరి నువ్వెందుకు దాచావమ్మా?" అని అడిగాను. "నా బిడ్డ పేరు గూడ అండ్లనే ఉన్నదని జెప్పిన్రు. ఏ బుక్కుల ఉన్నదో నాకేం ఎర్క? అందుకే అన్నీ దాచిన" అంది.

చరిత్రను భద్రపరచడం గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటి అయిన కారణం కనపడలేదు.

నేను డాక్టరేట్ చేసింది సాహిత్యంలో. స్త్రీల ఆత్మకథల్లో బాల్యం, చదువు నా విషయం. ఆత్మకథల్లో బడి ఎప్పుడూ ఒక వెలుగు. పలక, పంతులమ్మ, మొదటి బహుమతి, చదువు మానిపించిన రోజు ఏడ్చిన ఏడుపు. చదివీ చదివీ నాకో సందేహం మొదలైంది. రాయగలిగినవాళ్ళు రాశారు. వాళ్ళ పక్కన అదే చాప మీద కూచున్న మిగతా ముప్ఫై మంది ఆడపిల్లలు ఏమయ్యారు? ఆ ప్రశ్నే నన్ను సాహిత్యం నుంచి రిజిస్టర్ల వైపు నడిపించింది. కొందరు పూర్వ విద్యార్థినులు, ఇద్దరు రిటైరైన టీచర్లు, నేను కలిసి నగరంలోని ప్రభుత్వ బడుల కాగితాలను ఒకచోట చేర్చే పని మొదలుపెట్టాం. మాకు పేరు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా ఒక స్కానర్, ఒక గోద్రెజ్ బీరువా, ఆదివారాలు.

హైదరాబాద్ బడుల చరిత్ర ఎవరూ రాయలేదని కాదు. రాసినప్పుడల్లా అది కట్టించినవాళ్ళ చరిత్ర అవుతుంది. మూసీ ఒడ్డున 1921 నాటి సిటీ కాలేజీ భవనం గురించి అడగండి, విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి పేరు చెప్తారు. ఆడపిల్లల బడుల గురించి అడిగితే ఒక వరస తేదీలు చెప్తారు. 1890లో నాంపల్లి బాలికల పాఠశాల. 1907లో గన్‌ఫౌండ్రీలో మహబూబియా. 1924లో నాంపల్లి బడిలోనే మొదలై, 1949లో కోఠీ రెసిడెన్సీ భవనానికి చేరిన మహిళా కళాశాల. అదే 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఈ తేదీలన్నీ అవసరమే. కానీ ఈ వరసలో ఒక్క విద్యార్థిని గొంతయినా వినపడుతుందా?

భాష సంగతి కూడా ఉంది. నిజాం రాజ్యంలో ప్రభుత్వ బడి అంటే ఉర్దూ బడి. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంలోనే నడిచింది. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆడపిల్ల సర్కారు బడిలో అడుగుపెడితే ముందు భాష దాటాలి. అందుకే మాడపాటి హనుమంతరావు 1928లో తెలుగు మాధ్యమంలో ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టారు. దానికి ఇక్కడ గుర్తింపు దొరక్క పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకోవలసి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు, 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతో పాటు జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. మరో వైపు సుగ్రా హుమాయూన్ మీర్జా, ఉర్దూలో నవలలు రాసిన రచయిత్రి, 1934లో సఫ్దరియా బాలికల బడి పెట్టారు. తెలుగు సాహిత్య చరిత్ర ఆమెను పట్టించుకోదు. ఉర్దూ చరిత్ర సుందరమ్మను పట్టించుకోదు. ఒకే రాజ్యంలో, నాలుగేళ్ళ తేడాతో జరిగిన పనులివి. భాషల మధ్య గోడ కట్టుకుని చరిత్ర రాసుకుంటే నష్టపోయేది ఎవరో వేరే చెప్పాలా?

మా బీరువాకు చేరిన రిజిస్టర్లు ఆ గోడను లెక్కచెయ్యవు. మొదటి పేజీలు ఉర్దూలో కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మధ్యలో ఇంగ్లీషు వచ్చి చేరుతుంది. 1956 నవంబర్ తర్వాత మెల్లగా తెలుగు మొదలవుతుంది. తేదీలు మొదట ఫసలీలో ఉంటాయి. ఆజర్ నెలతో, అంటే అక్టోబర్‌లో మొదలయ్యే సంవత్సరం అది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన క్రీస్తుశకం వస్తుంది. 1353 ఫసలీ అంటే 1943 అక్టోబర్ నుంచి 1944 అక్టోబర్ దాకా. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబర్ ఈ లెక్కలో 1357 ఆబాన్. ఈ లెక్క నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఉర్దూ చదవడం ఇప్పటికీ పూర్తిగా రాలేదు. మాతో పనిచేసే రిటైరైన ఉర్దూ టీచర్‌ని అందరం ఆపా అంటాం. ఆమె కళ్ళజోడు సవరించుకుని చదివి చెప్తుంటే నేను రాసుకుంటాను.

రిజిస్టర్ చదవడం ఒక విద్య. పుట్టినతేదీల కాలమ్ చూడండి, సగం మంది జూన్‌లోనో, జూలై ఒకటిననో పుట్టి ఉంటారు. పురుడు పోసిన మంత్రసానికి తేదీ తెలియదు. ఇంట్లో గుర్తున్నది "ఉగాది ముందర", "పెద్ద వాన పడ్డప్పుడు" మాత్రమే. బడిలో చేర్చుకోవడానికి సరిపోయే వయసు లెక్కగట్టి హెడ్మిస్ట్రెస్ తేదీ వేసేది. ఒక తరం ఆడవాళ్ళు ఆ తేదీతోనే ఉద్యోగంలో చేరి, ఆ తేదీకే రిటైరయ్యారు. అక్కడి నుంచి వల్దియత్ కాలమ్, అంటే తండ్రి పేరు. తర్వాత ఆయన వృత్తి. తర్వాత మతం, కులం. చివర పేరు ఎందుకు ఖారిజ్ అయిందో, అంటే ఎందుకు కొట్టేశారో. తండ్రి బదిలీ. గైర్హాజరు. షాదీ.

తల్లి పేరుకు కాలమ్ లేదు. అది మనకు తెలియని విషయమేమీ కాదు. గీతా హరిహరన్ తన మైనర్ కొడుకు పేరున బాండ్లు కొనడానికి వెళ్తే తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె కోర్టుకు వెళ్తే, తల్లి కూడా సహజ సంరక్షకురాలు కాగలదని సుప్రీంకోర్టు చెప్పడానికి 1999 రావలసి వచ్చింది. ఇవన్నీ పాఠంగా చెప్పుకుంటూనే ఉన్నాను. కానీ ఆ ఖాళీ నా ఇంటిదే అయినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

మూడో మూటలో ఆ బడి నలభైల నాటి రిజిస్టర్ ఉంది. మా అమ్మమ్మ అక్కడ చదివిందని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నేను ఆ బడికి వెళ్ళింది కూడా. అమ్మమ్మ 2016లో పోయింది. చదువు మాటెత్తితే నవ్వేసేది. "నాకు సదువు అబ్బలేదు బిడ్డా, నేనే బంద్ చేసిన" అనేది. అయినా రోజూ పేపర్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేది. ఉర్దూ దుకాణాల బోర్డులు చదివి మాకు చెప్పేది. చదువు అబ్బని మనిషికి ఇదంతా ఎట్లా వచ్చిందని మాలో ఎవరమూ అడగలేదు.

ఆపా వేలు వరుసల మీద జారుతూ ఒకచోట ఆగింది. "ఇదేనా?" అమ్మమ్మ పేరు. 1353 ఫసలీ, అమర్‌దాద్ నెల. తండ్రి పేరు, ఎదురుగా వృత్తి, మిల్లు కూలీ. ఏటా పై తరగతికి మారినట్టు గుర్తు ఉంది. ఒక్క ఏడు కూడా తప్పలేదు. చదువు అబ్బలేదని చెప్పిన మా అమ్మమ్మ!

చివరి కాలమ్ దగ్గర ఆపా గొంతు తగ్గింది. "షాదీ అని ఉంది, బేటీ." సంవత్సరం 1950.

మా తాతయ్యతో అమ్మమ్మ పెళ్ళి 1957లో జరిగింది.

ఆపా నా మొహం వైపు చూసి ఏమీ అడగలేదు. రిజిస్టర్ తిరగేసింది. తర్వాతి ఏడు చేరికల్లో మళ్ళీ అదే పేరు ఉంది. అదే తండ్రి పేరు. ఆ పేజీకి ఒక దరఖాస్తు కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. గుండుసూది తుప్పు పట్టి కాగితానికి ఎర్రటి మచ్చ వేసింది. అమ్మాయిని తిరిగి చేర్చుకోవాలని వేరెవరో రాసిపెట్టిన నాలుగు ఉర్దూ వాక్యాలు. కింద ఒక వేలిముద్ర. దాని పక్కన ఒకే ఒక మాట, "వాల్దా". అంటే తల్లి. పేరు లేదు.

పన్నెండేళ్ళ పిల్లకు పెళ్ళి చేశారు. ఏడాది తిరక్కుండా ఏదో జరిగింది. భర్త పోయాడో, వదిలేశాడో, పిల్లే తిరిగొచ్చేసిందో ఆ కాగితం చెప్పదు. చెప్పిందల్లా ఒక్కటే. అక్షరం రాని ఒక తల్లి సిరాలో వేలు ముంచి, ఆ పిల్లను మళ్ళీ బడిలో కూచోబెట్టింది. అమ్మమ్మ మరో రెండేళ్ళు చదివింది. మనం రాసుకునే స్త్రీవిద్యా చరిత్రల్లో సంస్కర్తలుంటారు, నవాబులుంటారు, మిషనరీలుంటారు. ఈ వేలిముద్రను ఏ అధ్యాయంలో పెట్టాలి?

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల కాగితాలు ఉన్నాయి. వాటిలో సిపాయిల పట్టీలున్నాయి. వాటిని అర్జ్-ఓ-చెహ్రా అంటారు. ఒక్కో సిపాయి తండ్రి పేరు, రూపురేఖలు, మొహం మీది మచ్చలు, అతని గుర్రం గుర్తులతో సహా రాసి పెట్టారు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ సిపాయి మచ్చ భద్రంగా ఉంది. ఉండాలి కూడా. కానీ మన పదో తరగతి సర్టిఫికెట్లలోనూ పుట్టుమచ్చలు రాశారు కదా. ఆ మచ్చలున్న ఆడపిల్లల హాజరు పట్టీలు యాభై ఏళ్ళు కూడా నిలవకుండా తూకానికి పోయాయి. ప్రభుత్వ ఆర్కైవ్స్‌కి చేరేది బడి గురించి పైవాళ్ళు రాసుకున్న ఫైళ్ళు, మంజూర్లు, ఉత్తర్వులు. బడి తన గురించి తాను రాసుకున్నది బడి బీరువాలోనే ఉండి చెదలకో, చిత్తుకాగితాలకో వెళ్తుంది. 1969లో తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి నడవలేదని అందరూ రాస్తారు. ఆ నెలల్లో గైర్హాజరై, తెరిచాక ఇక తిరిగి రాని ఆడపిల్లలు ఎవరో హాజరు పట్టీ ఒక్కటే చెప్పగలదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఫోటో చూపించాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది నువ్వు ఎవరికీ చూపించొద్దు" అంది.

నాకు కోపం వచ్చింది. ఇదంతా దాచి దాచే కదా మనకు చరిత్ర లేకుండా పోయింది అన్నాను. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' కోసం తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ళతో మాట్లాడి ఉండకపోతే మనకు ఏం తెలిసేది అన్నాను. అమ్మ అన్నీ విని, "వాళ్ళు ఆ ఆడవాళ్ళని అడిగిన్రు కదా. నువ్వు మీ అమ్మమ్మను అడిగినవా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అమ్మ అన్నది పద్ధతికి సంబంధించిన ప్రశ్న. నా డాక్టరేట్‌లో నేను వేసుకోని ప్రశ్న. మౌఖిక చరిత్రలో చెప్పేవాళ్ళకు ఎక్కడ ఆగాలో తెలుసు. రిజిస్టర్‌లో ఆగే హక్కు ఆ పిల్లకు లేదు. ఆమె గురించి ఎవరో రాశారు, ఇప్పుడు ఆమె మనవరాలే చదివేసింది. అమ్మమ్మ "నేనే బంద్ చేసిన" అని మాకు చెప్పిన మాట అబద్ధమా? తన బతుకులో జరిగినదాన్ని తన నిర్ణయంగా చెప్పుకోవడం ఆమె ఎంచుకున్న కథనం. ఆ కథనాన్ని ఒక్క ఉర్దూ మాటతో కొట్టేసే అధికారం పరిశోధకురాలినైనంత మాత్రాన నాకెక్కడిది?

తర్వాతి ఆదివారం ఈ సంగతి, పేర్లు చెప్పకుండా, మా వాళ్ళ ముందు పెట్టాను. అప్పటిదాకా మేం అన్నీ స్కాన్ చేసి అందరికీ తెరిచి పెట్టేద్దామనే అనుకుంటున్నాం. అందరూ చూడగలిగితేనే ఆర్కైవ్ అన్నది మా నమ్మకం. ఆ రోజు డెబ్భైలలో అక్కడ చదువుకున్న ఒక దళిత స్త్రీ, ఉద్యోగం చేసి రిటైరైన ఆమె, కులం కాలమ్ గురించి మాట్లాడింది. "ఆ కాలమ్ వల్లే నాకు స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ కాలమ్ వల్లే నన్ను వెనక కూచోబెట్టిన్రు. దాన్ని చెరిపేస్తే రెండూ పోతయి. చెరపొద్దు. కానీ నా పేరు పక్కన పెట్టి ఊరంతా తిప్పొద్దు" అంది. ఆపా ఇంకో మాట అంది. పరదాలో ఉన్న ఇళ్ళలో బయటివాళ్ళ ముందు ఆడపిల్ల పేరు కూడా చెప్పేవాళ్ళు కారట. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లల పేర్లు మనం ఏ జాగ్రత్తా లేకుండా బయట పెట్టడం సరికాదంది.

ముంబయిలో 1988 నుంచి పనిచేస్తున్న 'స్పారో' గురించి మనలో చాలామందికి తెలుసు. అంబై మరికొందరితో కలిసి మొదలుపెట్టిన స్త్రీల ఆర్కైవ్ అది. స్త్రీల గొంతులు, ఫోటోలు, ఉత్తరాలు భద్రపరుస్తుంది. కాగితం పక్కన మనిషి ఉండాలన్న ఆలోచన మాకు అలాంటి పనుల నుంచే వచ్చింది. చివరికి కొన్ని నియమాలు రాసుకున్నాం. పెద్దవేం కాదు. అన్ని పేజీలూ స్కాన్ చేయాలి, ఏదీ చెరపకూడదు. ఎంతమంది చేరారు, ఎంతమంది ఏ కారణంగా మానేశారు అన్న లెక్కలు ఎవరడిగినా ఇవ్వాలి. పేర్లున్న పేజీలు మాత్రం ఆ మనిషో, ఆమె లేకపోతే ఇంటి ఆడవాళ్ళో ఒప్పుకుంటేనే చూపించాలి. ఎవరైనా తన వరుస పక్కన తన మాట రాసి పెట్టుకోవచ్చు. రిజిస్టర్ మీద కాదు, వేరే కాగితం మీద. అది కూడా రిజిస్టర్ ఉన్నంతకాలం దానితోనే ఉంటుంది. "ఇంటి ఆడవాళ్ళు" అన్న మాట మీద పెద్ద వాదన జరిగింది. రిజిస్టర్ తండ్రుల్ని మాత్రమే అడిగింది కాబట్టి మనం వేరేవాళ్ళని అడుగుదాం అన్నాను నేను. అది న్యాయమో, పగో నాకింకా తేలలేదు.

ఈ నియమాలు అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. నెల తర్వాత తనే ఫోన్ చేసింది. బంధువులలో బతికున్న పెద్దవాళ్ళందరినీ ఒక్కొక్కరినే అడుగుతోందట. మొదటి పెళ్ళి గురించి కాదు. ఆ వేలిముద్ర ఎవరిదో, ఆమె పేరేమిటో అని. అందరికీ ఆమె గుర్తుంది. రొట్టెలు చేసేది, మిల్లుకు సద్ది మోసుకెళ్ళేది, గట్టిగా మాట్లాడేది. కానీ అందరికీ ఆమె అవ్వే. పేరు ఎవరికీ తెలియదు. రేషన్ కార్డు లేదు, ఓటరు జాబితా దొరకలేదు. ఆమె బతికిందనడానికి మిగిలిన ఒకే ఒక దాఖలా ఆ వేలిముద్ర.

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు అమ్మ చదివింది. బడి పేరు, మనుషుల పేర్లు తీసేసి, సంవత్సరాలు కొంచెం అటూ ఇటూ మార్చితే సరేనంది. మార్చాను. తర్వాత తనే ఆదివారం మా దగ్గరికి వచ్చి, ఆ రిజిస్టర్ ముందు కూచుని, వేరే కాగితం మీద రెండు వాక్యాలు రాసింది. "ఈమె పేరు మాకు తెలియదు. బిడ్డను మళ్ళీ బడికి తెచ్చింది." కింద సంతకం పెట్టింది. ఆయమ్మ కూతురి పేరు కోసం మేమింకా రెండో మూట వెతుకుతున్నాం.

మీరు చదువుకున్న సర్కారు బడికి ఒకసారి వెళ్ళి రండి. వేసవి సెలవుల్లో బీరువాలు ఖాళీ చెయ్యకముందే వెళ్ళండి. వెళ్ళేముందు ఇంట్లో పెద్దామె ఎవరైనా ఉంటే వాళ్ళ అమ్మ పేరు అడగండి.